మిరప గోతాల మధ్య ఒక కీర్తన

గొంతునూ చెవినీ ఇచ్చి, ఆ రెంటికీ నడుమ గాలిని ఉంచిన దేవునికి మహిమ కలుగును గాక. ఆ గాలిని పట్టుకునే ఉద్యోగాన్ని నాకు ఇన్నేళ్లు ఇచ్చినందుకు స్తోత్రం. నా తెలివిని పక్కకు నెట్టి పనిని తానే జరిపించిన సందర్భాలకు మరీ స్తోత్రం. వాటిలో ఒకటి ఇది.

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఫిబ్రవరి నెల. ఒక రేడియో కేంద్రంలో సీనియర్ ఇంజినీరింగ్ అసిస్టెంట్‌గా ఉన్నాను. స్టూడియో బయట చేసే రికార్డింగును మేము ఓబీ అంటాం. పర్చూరు అవతల ఒక పల్లెలో అలాంటి ఓబీకి నన్ను వేశారు. అక్కడి సంఘంలో కరుణమ్మ అనే పెద్దావిడ ఉంది. కాలం చేసిన ఆమె భర్త ఉపదేశిగా వాక్యం బోధిస్తూ కోత పండుగకు ఒక కీర్తన కట్టాడు. పల్లవి ఊరందరికీ వచ్చు. చరణాల వరస మాత్రం ఆమె ఒక్కతికే వచ్చు. సోమవారం ఆమెకు గుంటూరులో గొంతు ఆపరేషన్. మాట తిరిగి రాకపోవచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. పాడక తప్పకపోతే ఒక్కసారికి మించి వద్దన్నారట. మేము వెళ్లింది శనివారం.

ఇక్కడ మైకుల సంగతి కొంచెం చెప్పాలి. డైనమిక్ మైకులో పల్చటి పొర వెనుక తీగచుట్ట, అయస్కాంతం ఉంటాయి. దానికి కరెంటు అక్కరలేదు, కింద పడినా బతుకుతుంది, నోటి దగ్గర పెడితేనే బాగా వింటుంది. కండెన్సర్ మైకు సున్నితం. మిక్సర్ నుంచి నలభై ఎనిమిది వోల్టులు అందితే గాని పనిచేయదు. పనిచేస్తే మాత్రం పాడేవారి ఊపిరితో పాటు పక్క వీధి కోడినీ వింటుంది. మూడోది రిబ్బన్ మైకు. గట్టిగా ఊదితే పాడైపోతుంది. మైకు కనబడగానే కొట్టి, ఊది, "ప్రైజ్ ద లార్డ్" అని చూసే పెద్దలు మన సంఘాల్లో ఉంటారు గనుక దాన్ని నేను స్టూడియో దాటించేవాణ్ని కాదు.

ఆ రోజు కండెన్సరు తీశాను. ఇంత అరుదైన కీర్తనకు ఖరీదైన మైకు పెట్టకపోతే నా సీనియారిటీ దేనికి?

కండెన్సరుకు నిశ్శబ్దం కావాలి. మందిరం నిండా జనం. అందరినీ బయటికి పంపమన్నాను. సంఘపెద్ద రత్నం గారికి నచ్చలేదు.

"మేం లేకపోతే పల్లవి ఎవరందుకుంటారండీ?" అన్నారు.

నేను వాక్యం ఎత్తాను. బైబిల్లో యెరికో కోట చుట్టూ తిరిగినప్పుడు జనం నోరు మెదపకుండా నడవలేదా అని అడిగాను.

"నడిచారండీ. కేకలేశాకే గదా గోడ కూలింది," అన్నారాయన.

సండే స్కూల్లో ఏటా బహుమతి తీసుకున్నవాణ్ని. ఆ జవాబు నాకు రుచించలేదు. అయినా రేడియో వారి మాట గనుక జనం బయట పందిరి కిందికి నడిచారు.

ఖాళీ అయిన మందిరం బావిలా మోగింది. నాలుగు బోడి గోడలు, పైన రేకులు. ప్రతిధ్వనిని పీల్చడానికి మందపాటి దుప్పట్లో, గోనె సంచులో గోడలకు వేలాడదీయాలని మా పుస్తకాల్లో ఉంటుంది. గోనె సంచులు దొరుకుతాయా అని అడిగాను. ఫిబ్రవరిలో ఆ ఊళ్లో నిలబడి ఆ ప్రశ్న వేసినవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను. కాసేపట్లో మోపులకు మోపులు వచ్చాయి. "ఇవి మొన్నటిదాకా..." అని రత్నం గారు ఏదో చెప్పబోతే, ముందు కట్టించండి అన్నాను. గోడలన్నీ కప్పించి, తలుపులు మూయించి, ఫ్యాన్లు ఆపించి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ప్రతిధ్వని నిజంగానే పోయింది. నా మీద నాకు గౌరవం కలిగింది.

కరుణమ్మ నోరు తెరిచి, పాట బదులు దగ్గింది.

ఫిబ్రవరి అంటే అక్కడ మిరప కోతల కాలం. మొన్నటిదాకా ఆ గోతాల్లో ఉన్నది ఎండుమిరపకాయలు. కట్టేటప్పుడు రేగిన ధూళి అంతా మూసిన గదిలో తేలుతోంది. నేను తుమ్మాను. బయట ఎవరో నవ్వారు. కండెన్సరు ఆ నవ్వును కూడా చక్కగా పట్టింది. కానీ ఆమె దగ్గు ఆగలేదు. కోడలు మార్తమ్మ పరుగున వచ్చి ఆమెను బయటికి నడిపిస్తూ నా వైపు చూసింది.

"ఈ నేల మీద తిరుగుతా కాయ గోతం వాసన తెలీదాండీ మీకు?"

నాది గుంటూరని అప్పుడు చెప్పాలనిపించలేదు.

గోతాలు తీయించాను. తడిగుడ్డతో నేల తుడిపించి, తలుపులు తెరిపించి, ఫ్యాన్లు వేయించాను. పందిరి కింద ఆమెకు గోరువెచ్చని నీళ్లు తాగిస్తున్నారు. ఆపరేషన్ దాకా నిలవాల్సిన గొంతును నేనే ముందుగా పోగొట్టానేమోనన్న భయం పట్టుకుంది. ప్రసంగపు భాషలో ప్రార్థించడం నాకు బాగా వచ్చు. ఆ పూట చేసిన ప్రార్థనలో ఒక్క పెద్ద మాట కూడా లేదు.

మధ్యాహ్నం దాటాక కరుణమ్మ పిలిచింది. గొంతు బొంగురుపోయింది. "ఒక్కసారికైతే వస్తుంది నాయనా. జనాన్ని లోపలికి రానియ్యి. గోడలకు పాడటం నాకు రాదు."

జనం వచ్చి చాపల మీద కూర్చున్నారు. చప్పట్లు కొట్టి చూశాను. మోత బాగా తగ్గింది. మనుషుల ఒళ్లు, బట్టలు కూడా ధ్వనిని పీల్చుకుంటాయి. అదీ ఆ పుస్తకాల్లోనే ఉంటుంది, గోనె సంచుల తర్వాతి పేరాలో. కండెన్సరును పెట్టెలో పెట్టేసి, రైతుల ఇంటర్వ్యూలకు వాడే గీతలు పడ్డ డైనమిక్ మైకు తీశాను. అది కార్డియాయిడ్ రకం, అంటే ముందునుంచి వచ్చే శబ్దాన్ని బాగా తీసుకుని వెనుకనుంచి వచ్చేదాన్ని తగ్గిస్తుంది. దాని వీపు జనం వైపు, ముఖం కరుణమ్మ వైపు ఉండేలా, ఆమె పెదవులకు బెత్తెడు దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా కాస్త పక్కగా నిలిపాను. గొంతు ఎంత సన్నగా వచ్చినా అంత దగ్గరలో సరిపోతుంది. రత్నం గారు అలవాటుగా దాన్ని కొట్టి ఊదారు. మైకుకు ఏమీ కాలేదు.

ఆమె పాడింది. ప్రతి చరణం చివర జనం పల్లవి అందుకున్నారు. ఆ వ్యవధిలో ఆమె ఊపిరి కూడదీసుకుంది. వాళ్లు లేకపోతే మొదటి చరణం దాటేది కాదు. మూడో చరణానికి ముందు నాకు దగ్గు వచ్చింది. నేను ముగించేదాకా ఆగి, అప్పుడు ఎత్తుకుంది. చరణాలన్నీ పూర్తయ్యాయి.

ఆపరేషన్ తర్వాత ప్రాణం నిలిచింది, మాట రాలేదు. మేమిచ్చిన కాపీ పెట్టుకుని సంఘంలోని పడుచువాళ్లు చరణాలు నేర్చుకున్నారు. ఎడిటింగులో నా దగ్గును తీసేశాను గాని, ఆమె ఆగిన ఖాళీ అలాగే ఉండిపోయింది. వాళ్లు అది వరసలో భాగమనుకుని అక్కడ ఆగుతారు. ఆగినప్పుడల్లా, ఆగొద్దని కరుణమ్మ బల్ల మీద చరుస్తుంది. మొన్న నేను వెళ్లినప్పుడు నా వైపు చూస్తూ చరిచింది.

ఆ ఓబీ నాకు నేర్పింది ఇది. మైకును ఎంచుకునే ముందు గదిని వినాలి. గదిని వినే ముందు, పాడేవారికి ఏం కావాలో అడగాలి. నేను ఈ పనిని తలకిందులుగా చేశాను.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తలవంచండి. కరుణమ్మకు వచ్చే కోత పండుగ దాకా బలం దయచేయమని, ఆ పడుచువాళ్లకు మూడో చరణాన్ని వేళకు అందుకునే తెలివి ఇవ్వమని అడుగుదాం. ఆమేన్.