ఒకే బరువు

రియాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో నా పని పసిబిడ్డల రక్తం చూడటం. మడమ మీద సూదితో పొడిచి అట్టముక్క మీద అద్దిన రక్తపుచుక్కలు పొద్దున్నే నా బల్ల మీదికొస్తాయి. మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ చుక్కలోని అణువుల్ని తూకం వేసి, పుట్టుకతో వచ్చే జబ్బులేమన్నా ఉన్నాయేమో చెబుతుంది. దాని పంపు రోజంతా గుర్రుమంటూనే ఉంటుంది. ఇసుక దుమారం రేగిన వారమైతే ఫిల్టర్లు శుభ్రం చేసి చేసి నా నడుం పడిపోతుంది. "నీకేంటే, ఏసీలో కూర్చునే ఉద్యోగం" అని ఇంటినుంచి ఎవరన్నా అంటే ఒళ్లు మండుతుంది.

అలాంటి వారంలోనే ఒక చుక్కని తూస్తే తెర మీద ఒక బరువు దగ్గర గీత బాగా పైకి లేచింది. ఆ బరువు దగ్గర గీత లేచిందంటే, పాలలోని ప్రోటీన్లని బిడ్డ ఒళ్లు భరించలేకపోతోందేమోనని అనుమానించాలి. అట్ట మీద తల్లి పేరు రెండుసార్లు చదివాను. మా పై ఫ్లాట్‌లో ఉండే కాకినాడ అమ్మాయి, మా ఆసుపత్రిలోనే నర్సు. తొలి కాన్పు.

డాక్టరమ్మ వెంటనే తల్లిపాలు ఆపించి, ఆ జబ్బు బిడ్డలకని చేసే ప్రత్యేకమైన డబ్బాపాలు పట్టించింది. మందులేమన్నా వాడుతున్నావా అని తల్లిని అడిగితే, లేదందట.

డ్యూటీ దిగి వార్డుకెళ్లాను. నిలబడే ఓపిక కూడా లేదు నాకు. ఆ పిల్ల పాలు పిండి సింకులో పారబోస్తోంది. పక్కన ఒక ట్యూబు.

"ఏంటది?"

"క్రీమక్కా. చనుమొనలు పగిలి ప్రాణం పోతంటే మా వార్డు సిస్టరు ఇచ్చింది."

"ఏమీ వాడట్లేదన్నావంట!"

"మందులడిగారు గదా... ఇదీ చెప్పాలా?"

తల బాదుకోవాలనిపించింది. రోగుల్ని గుచ్చి గుచ్చి అడిగే నర్సులు, తమ దగ్గరికొచ్చేసరికి ఇంతే. మాత్రో, ఇంజెక్షనో అయితేనే లెక్క.

కొన్ని క్రీముల్లోని పదార్థం బిడ్డ ఒంట్లోకి వెళ్తే, జబ్బు లేకపోయినా సరిగ్గా ఆ జబ్బు అణువంత బరువున్న అణువే తయారవుతుంది. మా మెషీనుకి బరువే తెలుసు. రెంటినీ విడదీయాలంటే ముందు సన్నటి గొట్టం గుండా పంపాలి, అప్పుడు ఒకదాని తర్వాత ఒకటి బయటికొస్తాయి. ట్యూబు నా కోటు జేబులో వేసుకున్నాను.

"క్రీమే అంటావా అక్కా?" అంది, నా చెయ్యి వదలకుండా.

అవునని చెప్పాలని ఎంతగా ఉందో! చూసి చెప్తానన్నాను.

మర్నాడు ఆ రెండో పరీక్షకి డాక్టరమ్మ ఒప్పుకుంది. అదే అట్టనుంచి ఇంకో ముక్క తీసి గొట్టం గుండా పంపి, తెర ముందు కూర్చున్నాను. నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. క్రీము గీత నిలువుగా లేచింది. జబ్బు గీత రావలసిన చోట ఏమీ లేదు. డాక్టరమ్మ మళ్లీ మళ్లీ చూసి, "నువ్వే వెళ్లి చెప్పు" అంది.

లిఫ్టు రాలేదు. మెట్లెక్కి వెళ్లేసరికి ఊపిరాడటం లేదు. ఆ పిల్ల సింకు ముందే ఉంది, పాలగిన్నె వంచబోతూ.



"పారబొయ్యకే" అన్నాను.