బొటనవేలి ఉప్పు

మాన్వి నుంచి లింగసుగూరు దాకా పట్టపగలు కరెంటు తీసేయబోయిన మహానుభావుణ్ణి మీరు చూసి ఉండరు. చూడండి, నేనే. అదీ ఒక్క వేలితో.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. రాయచూరు దగ్గరి కరెంటు కార్ఖానాలో, నీళ్లు పరీక్షించే గదిలో సహాయకుణ్ణి. చదువు ఏడుతో ఆగింది. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను, రసాయనం మాత్రం మా గది పెద్ద సరళ మేడం నేర్పారు. ఆమె రెండు తేట నీళ్లు కలిపితే టెస్ట్ ట్యూబులో రంగు పుట్టేది. సీసం నీళ్లలో అయొడైడు పోస్తే బంగారు పసుపు. ఆ పసుపు ముందు మా పెళ్లి పట్టుచీర కూడా వెలవెలబోతుంది. (మా ఆవిడకు చెప్పకండి.)

అసలు పరీక్ష వేరు. కరెంటు పుట్టించే మిషన్‌ను తిప్పిన ఆవిరి, నదినీళ్లు పారే పైపులకు తగిలి చల్లారి నీళ్లవుతుంది. అందులో ఉప్పు ఉండకూడదు. రెండు చుక్కల సిల్వర్ నైట్రేటు వేస్తే తేటగా ఉండాలి. పాలలా తెల్లబడిందా, లోపల పైపు పగిలి ఆ నదినీళ్లు కలుస్తున్నట్టే. మిషన్ ఆపాలి.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మేడం మీటింగుకు వెళ్లారు. నేను ఉప్పుకారం దట్టించిన మండాళు, అదే, మరమరాలు తిని, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని (శుభ్రత ముఖ్యం కదా!), ట్యూబులో నీళ్లు పోసి, చుక్కలు వేసి, మూతిని బొటనవేలితో మూసి ఊపాను. పాలు!

ఒక్కసారికి నమ్మే రకాన్ని కాను. మూడుసార్లు చేశాను. కంగారులో మధ్యమధ్య ఇంకో గుప్పెడు మండాళు నమిలాను. మూడోసారి మీగడ కట్టేలా ఉంది.

ఇంజనీరుకు ఫోను చేశాను. "సార్, పైపు పగిలింది! ఉప్పొస్తున్నది!"

"ఏందయ్యా, పక్కానా? ఉత్తపుణ్యానికి బంద్ చేస్తే నా ఉద్యోగం పోతది!"

"మూడుసార్లు చూసిన సార్. మూడుసార్లూ పాలే!"

"పది నిమిషాలల బంద్ చేస్త. మీ మేడంను పిలువు."

మేడం పరుగున వచ్చారు. ట్యూబును కాదు, నన్ను చూశారు.

"దేనితోని మూసినవ్?"

"బొటనవేలుతోని మేడం. ఒక్క చుక్క కింద పడలే."

"ఏం తిన్నవ్?"

"మండాళు."

ఆమె డిస్టిల్డ్ వాటర్‌లో నా వేలు ముంచి, చుక్కలు వేశారు. పాలు! మిషన్ నీళ్లకు గాజు బిరడా పెట్టి ఊపారు. తేటగా ఉన్నాయి.

ఫోను అందుకున్నారు. "సార్, మిషన్ నడవనీయండి. కారుతున్నది పైపు కాదు, మావాడి వేలు."

అవతలి నవ్వు గది అంతా వినిపించింది. సిగ్గుతో చచ్చాను. కానీ చూపు ట్యూబు మీదే. కంటికి కనబడని ఉప్పును ఆ వెండి ఎలా పట్టేసిందో!

"మేడం, ఇంకోసారి ముంచాల్నా?"

"ముంచు నాయనా," అని పగలబడి నవ్వారు.

అంతటితో పోలేదు. ఎండలో సైకిలు తొక్కి ఇల్లు చేరేసరికి, చర్మానికి అంటిన వెండి నల్లబడింది. మా ఆవిడ నా వేలు చూసి గుండె బాదుకుంది.

"ఏ కాయితం మీద వేలి నిశాని ఏసొచ్చినవయ్యా? ఇల్లు ఎవరికి రాసిచ్చినవ్?"

ఎంత తోమినా పోలేదు. పదకొండు రోజులు వీధి వీధంతా నన్ను వేలిముద్రగాడన్నది. అందుకే సూర్యుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ట్యూబు మూతిని వేలితో మూయను. కావాలంటే రాసిస్తాను. సంతకంతో.