హన్నా సేగర్ పెట్టిన ఇంటూ గుర్తు

క్లిఫర్డ్ వామ్స్‌లీ మా లైబ్రరీ మెట్లెక్కింది ఎనభయ్యో సంవత్సరం చలికాలంలో. ఆయన పనిచేసిన మిల్లు అంతకు ముందు నెలే మూతపడింది. ముప్పయ్యేళ్ళు మగ్గాల మేస్త్రీగా ఉన్న మనిషి, చేతులను ఏం చేసుకోవాలో తెలియనట్టు వాటిని కోటు జేబుల్లో కుక్కుకుని వచ్చాడు. పుట్టుకలు, పెళ్ళిళ్ళు రాసిన పాత చర్చి పుస్తకాల ఫిల్ములు చూసే యంత్రం పైఅంతస్తులో నా గదిలో ఉండేది. ఫిల్ము చుట్టలు తీసివ్వడం, మళ్ళీ డబ్బాల్లో సర్దడం నా పని.

"పూర్వీకుల కోసమా?" అన్నాను.

"ఆఁ. రాజులెవరూ తగలరులే అమ్మాయ్. తగిలినా మమ్మల్ని చూసి వాళ్ళే మొహం చాటేస్తారు."

అప్పటికి నాకు నలభై అయిదేళ్ళు. అయినా ఆయనకు నేను అమ్మాయినే. ఆయన మాట్లాడుతుంటే పెదవులు మాటకన్నా పెద్దగా కదిలేవి. మా ఊరు థార్న్‌క్లఫ్‌లో మిల్లు మనుషులందరికీ ఉన్న అలవాటే అది. మగ్గాల మోతలో గొంతు ఏం పనికొస్తుంది? పెదవులతో చెప్పుకుంటారు, కళ్ళతో వింటారు. మిల్లులు పోయాయి గానీ పెదవులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఆయన వెతుకుతున్నది రాజుల్ని కాదు, వాళ్ళమ్మ నెల్లీని కన్నతల్లిని. పేరు హన్నా సేగర్. నెల్లీకి ఏడేళ్ళప్పుడు తండ్రి పోయాడు. పద్దెనిమిది వందల తొంభై ఏడులో హన్నా కూతుర్ని, గతిలేనివాళ్ళను ఉంచే కొండ మీది పేదల శాలకు తీసుకెళ్ళి, తలుపు దగ్గర వదిలి, ఆదివారం వస్తానని చెప్పి వెళ్ళింది. రాలేదు. నెల్లీ పదమూడో ఏడు దాకా అక్కడే గోడల మధ్య పెరిగి, తర్వాత మిల్లులో చేరింది. ఎనభయ్యేళ్ళు గడిచినా ఆ ఆదివారాన్ని మరిచిపోలేదు.

"ఎక్కడికెళ్ళిందో కనుక్కోరా క్లిఫ్, అంటుంది. చచ్చేలోగా తెలియాలి, అంతే, అంటుంది. అమ్మకిప్పుడు తొంభై. ఎక్కువ టైము లేదు నాకు," అన్నాడు.

హన్నా తాలూకు వస్తువు వాళ్ళింట్లో ఒకటే ఉంది. సండే స్కూల్లో బహుమతిగా ఇచ్చిన చిన్న కథల పుస్తకం. మొదటి పేజీలో పన్నెండేళ్ళ హన్నా తన పేరు తనే రాసుకుంది, ఒత్తుగా, గుండ్రంగా. పేదల శాలలో కూడా నెల్లీ దాన్ని పరుపు కింద దాచుకుందట. ఆయన దాన్ని వార్తాపత్రికలో చుట్టి తెచ్చి చూపించాడు. చేతులు కడుక్కుని మరీ విప్పాడు.

ఆయన పని పద్ధతి నాకు నచ్చేది. నోటు పుస్తకంలో ప్రతి పేజీనీ రెండుగా విభజించుకుని, ఎడమవైపు తెలిసిన సంగతి, కుడివైపు దానికి ఆధారం రాసేవాడు. ఏ చర్చి, ఏ చుట్ట, ఎన్నో పేజీ, ఎవరు చెప్పారు. ఆధారం లేని సంగతి ఒక్కటీ రాసేవాడు కాదు. "నేతలో కూడా అంతే. దారం ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే తెగినప్పుడు ఏం ముడేస్తావ్?" అనేవాడు. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని చీజు, ఉల్లిపాయ పెట్టిన రొట్టె తిని, ఫ్లాస్కులో టీ తాగి మళ్ళీ వచ్చేవాడు.

రెండేళ్ళు పట్టింది. ఎనభై రెండు మార్చిలో, పద్దెనిమిది వందల తొంభై ఎనిమిది నాటి పెళ్ళిళ్ళలో ఇద్దరు హన్నా సేగర్లు దొరికారు. మా వైపు సేగర్లు కోకొల్లలు. ఇద్దరూ విధవలే, ఇద్దరికీ ముప్పై రెండేళ్ళే, తండ్రి పేరు రాయాల్సిన గడి ఇద్దరికీ ఖాళీయే. ఒకామె మా ఊరి చర్చిలోనే క్రాన్‌షా అనే బొగ్గుబండి తోలేవాణ్ణి చేసుకుంది. పెళ్ళికొడుకు సంతకం దగ్గర, రాయడం రానివాళ్ళు పెట్టే ఇంటూ గుర్తు, దాని కింద ఆమెది కూడా ఇంటూ గుర్తే. రెండో ఆమె తొమ్మిది మైళ్ళ దూరంలోని బార్డెన్‌లో ఒక కిరాణా కొట్టు మనిషిని చేసుకుంది. పేరు మొత్తం రాసింది, ఒత్తుగా, గుండ్రంగా.

ఆయన చాలాసేపు రెండు చుట్టలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"నువ్వేమంటావమ్మాయ్? ఊళ్ళో పెళ్ళి అని నా మనసు ఈ బండివాడి వైపే లాగుతోంది."

నేను వంగి చూశాను. బహుమతి పుస్తకం పక్కన పెట్టి చూశాను.

"ఇంటూ గుర్తు పెట్టింది కదండీ. మీ అమ్మమ్మకు రాయడం వచ్చు. ఈమె మీ మనిషి కాదు," అన్నాను.

అంత తేలిగ్గా అన్నాను. ఆ కాలపు ఆడపిల్లలందరూ ఒకే కాపీ పుస్తకం చూసి దిద్దారని, అందుకే అందరి అక్షరాలూ ఒత్తుగా, గుండ్రంగానే ఉంటాయని నాకు తోచనే లేదు. ఆయన తలూపి నోటు పుస్తకంలో రాసుకున్నాడు. బార్డెన్ దారి పట్టి వెళితే నలుగురు పిల్లలు, కొట్టు పైన ఇల్లు, డెబ్భై ఏళ్ళ ఆయుష్షు అన్నీ వరుసగా దొరికాయి.

ఆ వసంతంలో నెల్లీ పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఊళ్ళో ఆసుపత్రి ఒకటే. అది కొండ మీదే, పాత పేదల శాల గోడలకే సున్నం వేసి, మంచాలు మార్చి పెట్టింది. "పైకి మాత్రం తీసుకెళ్ళకురా" అని కొడుకును ఏళ్ళ తరబడి బతిమాలిన మనిషిని ఆ తలుపులోంచే మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు.

కొడుకు అక్కడే ఆమెకు సంగతి చెప్పాడు. నెల్లీకి మగ్గాల మోతతో చెవులు ఎప్పుడో పోయాయి. గట్టిగా అరిస్తే వార్డంతా వింటుందని, మంచం కాళ్ళ దగ్గర నిలబడి, గొంతు లేకుండా పెదవులతోనే చెప్పాడు. మీ అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుందమ్మా. బార్డెన్‌లో. నలుగురు పిల్లలు. బాగానే బతికింది.

ఆ వార్డులో ఉన్న పదకొండు మంది ముసలమ్మలూ మిల్లు మనుషులే. ఆయనకు ఆ సంగతి తట్టలేదు. గొంతు తగ్గించాలనుకున్నవాడు పెదవులను తగ్గించలేదు. పదకొండు మందీ చదివేశారు.

"అంటే వదిలించుకుందన్నమాట," అంది పక్క మంచం ఆవిడ, ఎటో చూస్తూ.

"తొమ్మిది మైళ్ళు. నడిచి రావచ్చు," అంది ఇంకొకావిడ.

నెల్లీ వాళ్ళ పెదవులు కూడా చదివింది. దుప్పటి సర్దుకుంది. "అమ్మ పుస్తకం పొయ్యిలో పడెయ్యి," అంది.

"అమ్మా, ఎందుకూ..."

"పడెయ్యమన్నానా."

మరుసటి వారం వెళ్ళగానే, "కాలిందా?" అని అడిగిందట. ఆయనకు అబద్ధం చేతకాదు. ఇంకా లేదమ్మా అన్నాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి కాల్చేశాడు. జూన్‌లో ఆమె పోయింది.

తర్వాత కూడా ఆయన లైబ్రరీకి రావడం మానలేదు. తండ్రి వైపు వాళ్ళను వెతికాడు, కొత్తగా వచ్చేవాళ్ళకు యంత్రం తిప్పడం నేర్పాడు. హన్నా ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. పదహారేళ్ళు అలా గడిచాయి. నేను రిటైరయ్యాక కూడా వారానికి రెండు రోజులు వెళ్ళి సాయం చేస్తుండేదాన్ని.

తొంభై తొమ్మిది జనవరిలో ఏడా ప్రాక్టర్ అనే మాజీ నేతకత్తె, ఎనభై దాటిన మనిషి, వాళ్ళ అమ్మమ్మ పెళ్ళి వెతుక్కుంటూ వచ్చింది. క్లిఫర్డే చుట్ట ఎక్కించి చూపించాడు.

"ఇదిగో, ఇంటూ గుర్తు. పాపం, చదువు రాదన్నమాట," అన్నాడు.

ఏడా నవ్వింది. "చదువు రాకపోవడమేంటయ్యా? వీధి మొత్తానికీ పేపరు చదివి వినిపించేది మా అమ్మమ్మ. తాతకు రాదు. ఆయన గుర్తు పెట్టిన చోట ఈవిడ పేరు రాస్తే ఏముంటుంది మర్యాద? పెళ్ళిరోజు పొద్దున్నే, పదిమందిలో, మొగుడి పరువు తీస్తుందా ఏ ఆడదైనా? మా వీధిలో అందరూ అంతే చేశారు. నీకు తెలియదూ? మేస్త్రీవి కదా, నీకెక్కడ తెలుస్తుందిలే."

క్లిఫర్డ్ నవ్వలేదు. దీపం ఆర్పకుండానే యంత్రం ముందునుంచి లేచాడు. ఆయన నా వైపు చూడలేదు.

పేదల శాల పెద్దలు వారం వారం రాయించిన పుస్తకాలు నూరేళ్ళు మూసి ఉంచాలని నియమం. పద్దెనిమిది వందల తొంభై ఎనిమిది నాటిది సరిగ్గా ఆ నెలలోనే తెరిచారు. ఆయన జిల్లా కేంద్రానికి బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చాడు. హన్నా క్రాన్‌షా, పూర్వం సేగర్. పెళ్ళయిన తొమ్మిదో రోజునే కూతురి కోసం వచ్చింది. ఒక్క గది ఇల్లనీ, భర్తకు నిలకడైన పని లేదనీ ఇవ్వలేదు. మే నెలలో మళ్ళీ వచ్చింది. ఇవ్వలేదు. మూడోసారి, సెప్టెంబరులో, ఉత్తరం రాసింది. గుమాస్తా దాన్ని పేజీకి గుండుసూదితో గుచ్చిపెట్టాడు. క్లిఫర్డ్ దాని నకలు తెచ్చి నా ముందు పెట్టాడు.

"అయ్యలారా, నాకిప్పుడు ఇల్లు ఉంది, పిల్లకు విడిగా మంచం ఉంది. మీరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు వస్తాను. ఆదివారం వస్తానని దానికి చెప్పాను. తలుపు దగ్గర నన్ను లోపలికి రానివ్వడం లేదని దానికి తెలియదు." కింద పేరు మొత్తం రాసింది, ఒత్తుగా, గుండ్రంగా.

మార్జిన్‌లో గుమాస్తా చేత్తో రెండే ముక్కలు ఉన్నాయి. "బిడ్డ కుదురుగా ఉన్నది. తల్లి వచ్చినట్టు బిడ్డకు తెలుపనక్కర లేదు."

మరుసటి ఏడాది కాన్పులో హన్నా పోయింది. ఆ మాట ఆయన గొంతుతో చెప్పలేదు. పెదవులతో చెప్పాడు. నేను మిల్లు మనిషిని కాకపోయినా అర్థమైంది.

"క్లిఫర్డ్ గారూ, ఆ రోజు నేను..." అన్నాను.

"చీకటి పడకముందే వెళ్ళాలి, బస్సు పోతుంది," అని టోపీ పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన లైబ్రరీకి రాలేదు. మూడేళ్ళకు పోయాడు. ఖననం అయ్యాక హామ్, టమాటా పెట్టిన రొట్టెలు పంచారన్న సంగతి తప్ప ఆ రోజు నాకేమీ గుర్తులేదు. ఆయన మేనకోడలు నోటు పుస్తకాలన్నీ ఒక పెట్టెలో తెచ్చి, "మిస్ డక్‌వర్త్, మీరు మామయ్యకు చాలా సాయం చేశారట, మీకే ఇమ్మన్నాడు," అంది.

ఎనభై రెండు మార్చి పేజీ వెతికాను. బార్డెన్ వివరాల మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా. దాని పైన ఒక వరుస మాత్రం కొట్టెయ్యకుండా వదిలాడు. ఎడమవైపు, "క్రాన్‌షాను చేసుకున్న హన్నా మా మనిషి కాదు." కుడివైపు, ఆధారం ఉండాల్సిన చోట, "మిస్ డక్‌వర్త్, లైబ్రరీ."

ఆ నోటు పుస్తకాలు లైబ్రరీకి ఇచ్చేయమని అందరూ అంటున్నారు. ఇవ్వాలి. ఆ పేజీ చింపకుండానే ఇవ్వాలి.