మూఢంలో మా గోడ మీద సూర్యుడు

నా చిన్నప్పుడు మా కనకమామిడిలో సెలవు రోజు మొత్తం సూర్యుడితోనే గడిపే మనిషి ఒక్కతే ఉండేది, మా పక్కింటి అక్క. పొలాలు అమ్ముకున్న చోటల్లా ఫామ్‌హౌస్‌లు లేస్తున్న రోజులవి. అక్కకు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతం డబ్బులతో నగలు కొనకుండా చిన్న టెలిస్కోపూ కెమెరా కొన్నదని ఊరంతా నవ్వింది. అక్క పట్టించుకోలేదు. టెలిస్కోపులో కన్ను పెట్టి సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోతాయని, వెనక తెల్ల అట్ట పట్టించి, సూర్యుడి బొమ్మ దాని మీద పడేలా చేసేది. అట్ట పట్టుకునే పని నాది.

ఆ ఎండాకాలమంతా మాకు ఒకటే ముచ్చట. జూన్‌లో శుక్రగ్రహం నల్లచుక్కలా సూర్యుడి ముందు నుంచి దాటిపోతుంది. బతికున్నవాళ్ళలో దాన్ని చూసినవాళ్ళే లేరట. ఆ ఫోటో బటన్ నాతోనే నొక్కిస్తానని అక్క మాటిచ్చింది.

సరిగ్గా దానికి ముందే నేను పెద్దమనిషినయ్యాను. వడ్ల బస్తాలుండే గదిలో మూలన చాప వేసి కూర్చోబెట్టారు. మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, పంతులు దగ్గరికి వెళ్ళొచ్చి ఇంకో కబురు తెచ్చింది. శుక్రమూఢంలో అయిందట. శుక్రుడు సూర్యుడికి బాగా దగ్గరై కనబడకుండా పోయే రోజులవి, ఏ శుభకార్యానికీ పనికిరావు. కాబట్టి మూఢం పోయేదాకా నేను ఎండలోకి అడుగు పెట్టకూడదు. ఏడ్చి ఏడ్చి నా గొంతు పోయింది. ఏ శుక్రుడి కోసం ఇన్ని రోజులు ఎదురుచూశానో, ఆ శుక్రుడి పేరు చెప్పే నన్ను మూలన పడేశారు!

శుక్రుడు సూర్యుణ్ణి దాటే రోజు ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చిన అక్కను అవ్వ గేటు దగ్గరే ఆపేసింది. "పొల్ల మూలకున్నది. లోపటికి రాకు" అంది. అక్క వెనక్కి వెళ్ళిపోవడం వినబడి, బస్తాకు మొహం ఆనించుకుని కూర్చున్నాను.

కాసేపటికి ఎదురుగోడ మీద వెలుగు వణికింది. అక్క తమ పిట్టగోడ మీద అద్దం పెట్టింది. దానికి నల్లకాగితం అంటించి, నడుమ చిన్న రంధ్రం చేసింది. అక్కడి నుంచి ఎండ మా వాకిలి దాటి, తలుపులోంచి దూరి, చీకటి గోడ మీద చిన్న పళ్ళెమంత గుండ్రంగా పడింది. అచ్చం అట్ట మీద చూసిన సూర్యుడే. అంచుకు కాస్త లోపల మసక మసకగా నల్లచుక్క!

అవ్వ తలుపు మూయబోయింది. గోడవతల నుంచి అక్క అరిచింది. "నేను మీ గడప తొక్కలే గద అవ్వా! నీ మనుమరాలు బయటికి రాలే. సూర్యుడే లోపటికొచ్చిండు. ఆయన్ను ఎల్లగొడ్తవా?"

అవ్వ రోజూ పొద్దున్నే సూర్యుడికి దండం పెట్టే మనిషి. తలుపు మీద చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఆ సందులో అక్క గేటు దాటి కెమెరాతో లోపలికి వచ్చేసింది. "పంతులు చెప్పిన మూఢం గిదే, జర చూడు. గింత చుక్క."

"అయ్యో, పొల్లను ముట్టుకుంటవే!"

"ముట్టుకుంట. ఏమైతది?" అని అక్క నా భుజం మీద చెయ్యి వేసింది.

బిందె ముట్టుకోకు, పచ్చడి జాడీ ముట్టుకోకు అని విని విని నాకు ఒళ్ళు మండిపోతోంది. లేచి వెళ్ళి ఎడమ అరచెయ్యి గోడ మీద పెట్టాను, సరిగ్గా సూర్యుడున్న చోట. నల్లచుక్క నా చేతి మీదికి వచ్చింది. అవ్వ భయంతో కళ్ళు మూసుకుంది. ఏమీ కాలేదు. కెమెరా అక్క పట్టుకుంది, కుడిచేత్తో బటన్ నేనే నొక్కాను.

చేవెళ్లలో కడిగించిన ఆ ఫోటోలో శుక్రుడు కనపడీ కనపడనట్టున్నాడు. నా చెయ్యి మాత్రం బాగా పడింది. అవ్వేమీ మారలేదు, మిగతా రోజులన్నీ నన్ను ఆ గదిలోనే ఉంచింది. మారింది నేను. ఎవరైనా వద్దంటే ఎందుకని అడగడం అప్పుడే అలవాటైంది. దానివల్ల చాలామందికి చెడ్డదాన్నయ్యాను. అయితే అయ్యాను.

పోయినేడు మా పాప పెద్దమనిషి అయినప్పుడు, ఏ గది ఖాళీ చేయాలని మా అత్తమ్మ అడిగింది. ఏ గదీ వద్దన్నాను. "లోకం ఏమంటది బిడ్డా?" అంది. అననీ అన్నాను. తెల్లారి మా పాప బ్యాగు వేసుకుని, ఎండలో నడుచుకుంటూ వెళ్ళి బడికి బస్సెక్కింది.