శీర్షిక మీద అరచెయ్యి

రాసుకో బిడ్డా. ముందు ఆ టీవీ నోరు ముయ్యించు. వార్త చెప్పడానికి అంత డప్పు ఎందుకో నాకు అర్థం కాదు. ఆ మోతకే ఇవాళ పొద్దున నా చేతిలోని కరివేపాకు రెబ్బ కింద పడింది. తలెత్తి చూస్తే తెర నిండా ఎర్రటి అక్షరాలు: 'తార్నాక హాస్టల్లో ఆ అమ్మాయికి ఏం జరిగింది?' చెప్పాల్సినవాళ్లే మనల్ని అడుగుతున్నారు. నువ్వేమో అప్పటికే అదే వార్తను ఫోన్లో మన ఇంటి గ్రూపులో పెట్టబోతున్నావు. కరుణ మేడం గుర్తొచ్చారు. గుర్తు రావడమేమిటి, ఆమెలాగే నాకూ ఒళ్లు మండింది.

నువ్వు ఆమెను చూడలేదు. నేను యూనివర్సిటీ లైబ్రరీలో పని చేసిన రోజుల్లో పత్రికల గదికి ఆమే పెద్ద. బందరు వైపు మనిషి. ఆదివారం చర్చిలో పాటలు పాడే మెత్తటి గొంతు, పేపరు విప్పితే మాత్రం నిప్పు. పొద్దున్నే పేపర్లు రాగానే శీర్షికను అరచేత్తో మూసి, కింద వార్త మాత్రం నా చేత చదివించేవారు. "ఇప్పుడు దీనికి నువ్వు శీర్షిక పెట్టు అనసూయా" అనేవారు. నేను పెట్టాక చెయ్యి తీసేవారు. నా మాటకూ వాళ్ల మాటకూ ఎంత దూరముంటే, మనల్ని అంత ఆడించాలని చూశారన్నమాట.

ఒకసారి హాస్టళ్లలో నీళ్లు రాక పిల్లలు ఖాళీ బకెట్లతో తార్నాక చౌరస్తాలో కూర్చున్నారు. మర్నాడు ఒక పేపర్లో 'విద్యార్థుల వీరంగం, జనానికి నరకం' అని వచ్చింది. నీళ్ల సంగతి చివరి వాక్యంలో దాక్కుంది. ముందురోజు నేనూ ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నదాన్నే కాబట్టి సరిగ్గానే రాశారన్నాను. మేడం తిట్టలేదు.

"నీ కోపం నిజమే. వాళ్లు పట్టుకున్నది దాన్నే. నీళ్లు లేనివాళ్ల కోపాన్ని ఎక్కడ పెట్టారో వెతుకు" అన్నారు.

ఇక స్రవంతి సంగతి. మా గదిలో కిటికీ పక్క కుర్చీ వదలని పిల్ల. ఎమ్మెస్సీ చదువుతూ తార్నాకలో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండేది. చీకటి పడగానే ఆ హాస్టలాయన గేటుకు తాళం వేసుకుని వెళ్లిపోయేవాడు. ఒకనాడు గదిలో స్నేహితురాలికి ఊపిరాడలేదు. ఆయన ఫోను ఎత్తలేదు. ఈ పిల్ల గోడ దూకి, మందుల షాపుకు పరుగెత్తి ఇన్‌హేలర్ తెచ్చింది. తర్వాత పేపర్లో చూస్తే 'చీకట్లో గోడ దూకిన విద్యార్థిని... ఎవరి కోసం?' అని ఉంది. పక్కన ఎవరిదో ఒక ఆడపిల్ల నీడ బొమ్మ, కింద వార్తలో మాత్రం స్రవంతి పేరూ ఊరూ.

వాళ్ల నాన్న ఆ పేపరు చంకలో పెట్టుకుని ఊరి నుంచి నేరుగా మా గదికి వచ్చాడు. వచ్చీ రాగానే కూతురి పుస్తకాలు సంచిలో కుక్కసాగాడు. ఆ పిల్ల ఏడవను కూడా లేదు, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. చదువు అంతటితో సరి అని మా అందరికీ తెలుస్తూనే ఉంది. మేడం ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ పేపరునే బల్ల మీద పరిచి శీర్షిక మీద చెయ్యి పెట్టారు.

"నేను చదివిన మేడం."

"పైది చదివారండీ. కింది దాకా రండి."

ఆయన వేలు పెట్టి మెల్లగా చదివాడు. తాళం దగ్గర ఆగాడు. ఊపిరాడని పిల్ల దగ్గర మళ్లీ ఆగాడు. అయ్యాక కూతురి వైపు తిరిగి, "గా పిల్ల ఇప్పుడు మంచిగున్నదా బిడ్డా?" అని అడిగాడు. ఆమె తలూపింది.

మీరైతే ఏం శీర్షిక పెడతారని మేడం అడిగారు.

"గేటుకు తాళమేసి పోయిండు, పిల్ల పానం మీదికొచ్చింది. గంతే రాస్త."

గెలిచామనుకున్నాను. ఆయన మాత్రం సంచి వదల్లేదు.

"నాకు సమజైంది మేడం. మా ఊర్ల ఇంటింటికి పోయి ఎవరు చెయ్యి అడ్డం పెడ్తరు?"

మేడం శీర్షిక మీది చెయ్యి తీసేశారు. స్రవంతి ఆ సంచి వెనకాలే వెళ్లిపోయింది.

ఆ రోజే మేమిద్దరం ఆటో ఎక్కి ఆ పేపరు ఆఫీసుకు పోయాం. అక్కడి ఆయన నవ్వుతూ, "మేం తప్పేం రాయలేదమ్మా, అడిగినం అంతే. చివర ప్రశ్న గుర్తు ఉన్నది చూడండి" అన్నాడు. "రేపు మీ అమ్మాయి ఫోటో కింద పెట్టండి ఆ గుర్తు" అన్నారు మేడం. నవ్వు ఆగింది గానీ, సవరణ మాత్రం పడలేదు. రిటైరయ్యే దాకా ఆమె ప్రతి పొద్దునా ముందు ఆ పేపరే విప్పి సవరణ కోసం వెతికేవారు. కిటికీ పక్క కుర్చీలో ఇంకెవరెవరో కూర్చున్నారు. స్రవంతి మళ్లీ రాలేదు.

అందుకే పొద్దున నీ వేలు పట్టుకుని ఫోన్లో ఆ ఎర్రటి అక్షరాలను మూయించాను. కింద చదివావుగా, ఏముంది? మెట్ల మీద జారి ఒక పిల్ల కాలు విరిగింది. దానికా ఆ డప్పు? ఆ పిల్లకూ ఏదో ఊళ్లో ఒక తండ్రి ఉంటాడు. ఈపాటికి ఎవరో ఫోను అందిస్తే పైది మాత్రం చదువుతూ ఉంటాడు. అంత దూరం నా చెయ్యి అందదు బిడ్డా. మన ఇంటి గ్రూపు దాకా అందుతుంది. అక్కడ మాత్రం అడ్డం పెడతాను.