నిండుగా తిరిగొచ్చే సీసా

తెల్లవారుజామునే లేచి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, కండక్టరమ్మ లీటరు సీసా నిండా నీళ్లు పట్టుకునేది. పదకొండేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. ఇంటికి తిరిగొచ్చాక ఆ నీళ్లు గుమ్మం పక్కనున్న గులాబీ కుండీలో పోసేది. అదీ తప్పలేదు. మొక్క మాత్రం కళకళలాడుతుండేది.

పొద్దున ఆరింటికి బస్సెక్కితే డ్యూటీ దిగేసరికి మూడయ్యేది. దారి పొడవునా ఆడవాళ్లు ఒంటికి వెళ్లేందుకు చోటన్నది లేదు. డ్రైవరన్నకేం, చివరి స్టాపులో గోడచాటుకు వెళ్లొచ్చి గటగటా నీళ్లు తాగేవాడు. ఆమె పెదవులు తడుపుకుని సీసా మూత బిగించేది. ఈ సంగతి నోరు తెరిచి ఎవరికి చెప్పుకుంటుంది?

మొదటి ట్రిప్పులో ఆమె మాట వెన్నపూస. ముసలివాళ్లకు చెయ్యందించేది, కునికేవాళ్లను వాళ్ల స్టాపు రాగానే తట్టి లేపేది. పదకొండు దాటిందా, తల దిమ్మెక్కి, నోరు పిడచగట్టుకుపోయి, పలకరించినా చిటపటలాడేది. పొద్దున చెల్లెలు, మధ్యాహ్నం అత్తగారు అని జనం నవ్వుకునేవాళ్లు. ఇంటికెళ్లాక అన్న మాటలన్నీ గుర్తొచ్చి కుమిలిపోయేది.

ఒక ఎండపూట, ఓ తాతగారి కాలు ఇంకా మెట్టు మీదుండగానే పరాకుగా రైట్ రైట్ అనేసింది. డ్రైవరన్న అద్దంలో చూసి బ్రేకు తొక్కబట్టి సరిపోయింది. తాతగారు కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"నాకేం కాలేదులే తల్లీ. నువ్వు ముందు కూర్చో" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ చల్లని మాటకి ఆమె తన సీట్లో కూలబడింది. ప్రాణంగా చేసుకుంటున్న ఉద్యోగం. ఇక తనవల్ల కాదనీ, సాయంత్రమే డిపోలో చెప్పి మానేస్తాననీ డ్రైవరన్నతో అంది.

ముందు సీట్లో రోజూ వచ్చే నర్సు ఉంది. ఎండిన ఆ పెదవులు చూసి, పొద్దుట్నుంచి ఏమాత్రం నీళ్లు తాగావని అడిగింది. జవాబు నిండుగా ఉన్న సీసాయే చెప్పింది. ఒంట్లో నీరు కాస్త తగ్గినా కొందరికి తలనొప్పి, నీరసం, చిరాకు, పరాకు వచ్చేస్తాయని నర్సు నెమ్మదిగా చెప్పింది. ముందు తాగి చూడమంది, అప్పటికీ తగ్గకపోతే ఆస్పత్రికి రమ్మంది. ఎందుకు తాగవని అడిగితే, కండక్టరమ్మ ఆమె చెవిలో చెప్పింది. నర్సు సీసా మూత తీసి చేతికిచ్చింది.

సగం సీసా ఖాళీ అయింది. గంట గడిచేసరికి తలలో బరువు దిగింది. చిల్లర లేదన్నవాడితో నవ్వుతూ మాట్లాడింది కూడా.

"ఇన్నాళ్లూ ఆ కోపం నీతోపాటే పుట్టిందనుకున్నానమ్మా" అన్నాడు డ్రైవరన్న. ఉద్యోగం మానే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

కానీ తాగిన నీళ్లు ఊరుకుంటాయా? చివరి స్టాపు ఎదురుగా ఓ ఇంటి వసారాలో ఒకామె బట్టలు కుడుతూ ఉంటుంది. పదకొండేళ్లుగా ఇద్దరూ చిరునవ్వులే తప్ప మాటలు ఎరగరు. కండక్టరమ్మ మనసులో దేవుణ్ణి తలుచుకుని, చెప్పులు విడిచి, మెట్టెక్కింది. మిషను ఆగింది.

"అక్కా, రోజూ రెండుసార్లు మీ బాత్రూం వాడుకోనిస్తారా? ఇక నీళ్లు తాగుదామనుకుంటున్నాను."