కట్టేసిన పడవకి తీగలెందుకు

పడవల షెడ్డులో అందరూ అతన్ని తుప్పు అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది వడ్రంగి. లోకంలో తుప్పు తప్ప మరొకటి అతని కంటికి ఆనదని పెట్టాడు. అతగాడు దాన్నో బిరుదులా మోస్తూ తిరిగేవాడు.

తెరచాప పడవల అంచు చుట్టూ బిగించే స్టీలు తీగల్ని చూడటం అతని పని. పడవ ఒరిగితే మనిషి నీళ్ళపాలు కాకుండా ఆపేవి అవే. పని వచ్చినవాడే, కాదనడానికి లేదు. దూది తీసుకుని తీగ వెంట ఈ కొస నుంచి ఆ కొసకి లాగేవాడు. ఎక్కడ దూది చిక్కుకుంటే అక్కడ పోగు తెగిందన్నమాట. తీగ చివర దాన్ని బిగించే గొట్టంలోకి దూరే చోట భూతద్దం పెట్టేవాడు. అక్కడ టీ ఒలికినట్టు మరక కనబడితే, లోపల నీరు చేరి తీగని తినేస్తోందని అర్థం.

పనికంటే నోరు పెద్దది. పడవలున్నవాళ్ళు అతనికి పురుగులతో సమానం.

"స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్మితే ఇక జన్మలో చూడక్కర్లేదనుకుంటారు సన్నాసులు. వీళ్ళ మొహాలకి పడవలొకటి!"

అందరిలోకీ లోకువ పళ్ళ డాక్టరు. కొన్న దగ్గర్నుంచీ ఆయన పడవ రేవు దాటిన పాపాన పోలేదు. సెలవు రోజున వచ్చి, టోపీ పెట్టుకుని, కట్టేసిన పడవలోనే చుక్కాని పట్టుకుని కూర్చుని, తెచ్చుకున్న టిఫిన్ డబ్బా ఖాళీ చేసి, పడవంతా తళతళా తుడిచి వెళ్ళిపోయేవాడు. చేతికి మెత్తగా తగులుతాయని తీగలకి తెల్లటి ప్లాస్టిక్ తొడుగులు కూడా వేయించాడు.

ఆ పడవ వంతు వచ్చినప్పుడు తుప్పు దాని మీద కాలు కూడా మోపేవాడు కాదు. గట్టు మీద నుంచే ఓ చూపు పారేసి, "భేషుగ్గా ఉన్నాయి డాక్టరుగారూ!" అనేవాడు. షెడ్డులోకి వచ్చాక పగలబడి నవ్వేవాడు.

"కట్టేసిన పడవకి తీగలెందుకురా? తువ్వాలు ఆరేసుకోవడానికా?"

"ఎప్పుడైనా విప్పితే?" అన్నాడొకసారి వడ్రంగి.

"వాడా? నోట్లో పన్ను లాగుతాడు గాని గుంజకున్న తాడు లాగుతాడా!"

తుప్పు చెల్లెలు ఆ డాక్టరు దగ్గరే పనిచేసేది. పన్ను పీకే పనిముట్లు అందించడం, రోగి నోట్లో దూది కుక్కడం. అన్నాచెల్లెళ్ళిద్దరూ సైకిళ్ళ కొట్టు మీది రెండు గదుల్లో ఉండేవారు. ఓ సాయంత్రం అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"రేపు డాక్టరుగారు మమ్మల్నందర్నీ పడవలో సముద్రం మీదికి తీసుకెళ్తున్నారన్నయ్యా."

నోటి దగ్గరికి వెళ్ళిన ముద్ద అక్కడే ఆగింది. "ఏ పడవలో?"

"ఆయనకేమైనా డజనున్నాయా? నేను ముందే అడిగాలే, ఆ తీగలవీ గట్టివేనా అని. 'మీ అన్నయ్యే చూశాడమ్మా, భేషుగ్గా ఉన్నాయన్నాడు' అన్నారు. అందుకే సరేనన్నా. నాకసలే ఈత రాదు."

"రేపు గాలి ఎక్కువ. వెళ్ళకు."

"గాలి లేకుండా తెరచాపెందుకు?"

"వాడికి నడపడం చేతకాదే!"

"నడిపేది ఆయన కాదు. దానికో మనిషిని మాట్లాడుకున్నారు. నీ గోలేంటి?"

'నేను చూడలేదు' అంటే సరిపోయేది. ఊరందర్నీ దులిపేసే నోటికి ఆ చిన్న ముక్క పెగల్లేదు. మజ్జిగ కూడా తాగకుండా చెయ్యి కడుక్కున్నాడు.

పొద్దున్నే పనిముట్ల సంచి తగిలించుకుని రేవుకి పరిగెత్తాడు. డాక్టరు అప్పటికే టోపీతో సహా అక్కడున్నాడు, గుడ్డతో కడ్డీలు రుద్దుతూ.

"ఊరికే, ఓసారి చూసి పోదామని," అన్నాడు తుప్పు.

"మొన్ననేగా చూశారు! అయినా మంచిదే. ఇదిగో, ఈ మూల ఓ మరకండీ. ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ వచ్చేస్తుంది. గట్టి పాలిష్ ఏదైనా చెబుతారా?"

డాక్టరు వేలు సరిగ్గా తీగ గొట్టంలోకి దూరే చోట ఉంది. తుప్పు కత్తి తీసి తొడుగు కోశాడు. లోపల తీగ గోధుమరంగులో చెమ్మగా ఉంది, పోగులు అరిగిన చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. పట్టుకుని లాగితే కొస పుటుక్కున ఊడి చేతికొచ్చింది.

సరిగ్గా అప్పుడే చెల్లెలూ ఆసుపత్రి వాళ్ళూ టిఫిన్ డబ్బాలతో గట్టు మీదికి వచ్చారు. వాళ్ళని చూడగానే తుప్పు డాక్టరు మీద విరుచుకుపడ్డాడు.

"చూశారా! తొడుగేసి లోపల కుళ్ళబెట్టారు. పైన మరక కనిపిస్తే తుడిచేశారు. బుర్రుందా అసలు?"

"తప్పేనండీ. నాకు తెలియలేదు," అన్నాడు డాక్టరు, గుడ్డ వెనక్కి దాచుకుంటూ.

అంతటితో తుప్పు గట్టెక్కేవాడే. కానీ చెల్లెలు కిందపడ్డ తొడుగు ముక్క తీసి అటూ ఇటూ తిప్పింది.

"అన్నయ్యా, ఈ తొడుగు ఎప్పట్నుంచో ఉందిగా? మరి మొన్న లోపల నువ్వు చూసిందేంటి?"

పక్క పడవలో వడ్రంగి రంపం ఆపాడు.

"అంటే... కట్టేసిన పడవ కదా అని..."

"గట్టు మీంచే చూశావా?"

తుప్పు సంచిలో ఏదో వెతుక్కున్నాడు.

"ఆయనకి తెలీదు. అయినా మరక కనబడ్డప్పుడల్లా తుడిచారు. నీకన్నీ తెలుసు. నువ్వది కూడా చెయ్యలేదు."

షికారు ఆగిపోయింది. ఆసుపత్రి వాళ్ళు గట్టు మీదే డబ్బాలు విప్పారు. చెల్లెలు మాత్రం ముట్టలేదు. "కొత్తవి వెయ్యి. నేనిక్కడే కూర్చుంటా," అంది. మాడు పగిలే ఎండలో తుప్పు తొడుగులన్నీ కోసి పారేసి, పాత తీగలు పీకి, కొత్తవి కొలిచి, కొసలు నొక్కి, మరలు బిగించాడు. ఎవరూ పలకరించలేదు. ఆకలేస్తోందా అని కూడా ఎవరూ అడగలేదు.

పని అయ్యాక, ఈత రాని ఆ మనిషి పడవెక్కి, చేతిసంచిలోంచి ఆసుపత్రి దూది తీసి, తీగ వెంట ఈ కొస నుంచి ఆ కొసకి లాగింది. ఎక్కడా చిక్కుకోలేదు. ఆ దూది తెచ్చి అన్న చేతిలో పెట్టింది.

"మొన్న చూడలేదని ఆయనకి నీ నోటితో నువ్వే చెప్పు," అని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

డాక్టరు టోపీ సర్దుకుంటూ వచ్చాడు. "ఇప్పుడు భేషుగ్గా ఉన్నాయంటారా?"

"మొన్న నేను చూడలేదండీ," అన్నాడు తుప్పు నేలకేసి చూస్తూ.

"ఏమిటీ? కాస్త గట్టిగా చెప్పండి."

మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి వడ్రంగిక్కూడా వినబడింది.